పాత కమాండర్ జీపుకు విడిగా టెంపరేచర్ మీటర్: ఏది కొనాలి, సెన్సర్ ఎక్కడ బిగించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1999 మోడల్ కమాండర్, డీఐ డీజిల్ ఇంజన్. డ్యాష్‌బోర్డులోని హీట్ ముల్లు ఎండలో నడిపినా, ఘాట్ ఎక్కినా సగం దగ్గరే నిలబడుతోంది. డిగ్రీల అంకెలున్న మీటర్ విడిగా పెట్టించాలనుకున్నారు. ఒక మెకానిక్ రేడియేటర్ పై పైపు కోసి మధ్యలో సెన్సర్ బిగించే అడాప్టర్ పెడదామన్నారు, ఇంకొకాయన కింది పైపుకు పెట్టినా చాలన్నారు. వైర్లతో నడిచే మీటర్ కొనాలా, సన్న రాగి గొట్టంతో వచ్చే మీటర్ కొనాలా అన్నది రెండో సందేహం.

సూటిగా చెప్తాను. సెన్సర్ ఉండాల్సిన చోటు ఇంజన్ హెడ్డు (ఇంజన్ పై భాగం) లోంచి వేడి నీళ్లు బయటికొచ్చే దగ్గర, థర్మోస్టాట్ వాల్వుకు (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) ఇంజన్ వైపున, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండేలా. అక్కడ చోటు చిక్కకపోతే పై పైపు అడాప్టర్ రెండో దారి. కింది పైపు వద్దు. మీటరూ సెన్సరూ ఒకే డబ్బాలో జతగా వచ్చినవే కొనండి. మీ జీపు వయసు, వైరింగ్ పరిస్థితి చూస్తే నా ఓటు రాగి గొట్టం మీటర్‌కే, అంటే కేపిలరీ రకానికి. హెడ్డులో దాని బల్బుకు సరిపడా రంధ్రం లేకపోతే మాత్రం ఎలక్ట్రికల్ రకానికి వెళ్లండి.

అయితే డబ్బు పెట్టే ముందు ఉన్న మీటర్‌ను ఒకసారి పరీక్షించండి, పది నిమిషాల పని. ఇంజన్ మీద సెన్సర్‌ను వెతకండి. ఒకే వైరు వచ్చి తగిలే ఇత్తడి ముక్క అది, హెడ్డు ముందు భాగంలోనో థర్మోస్టాట్ హౌసింగ్ (ఆ వాల్వు కూర్చునే గూడు) పక్కనో ఉంటుంది. ఇగ్నిషన్ వేసి (ఇంజన్ స్టార్ట్ చేయక్కర్లేదు) ఆ వైరు పీకండి. ముల్లు పూర్తిగా చల్లని వైపుకు పడిపోవాలి. అదే వైరు కొసను ఇంజన్ ఇనుముకు రెండు మూడు సెకన్లు ఆనించండి. ముల్లు వేడి వైపుకు లేవాలి. అంతకంటే ఎక్కువసేపు ఆనించి ఉంచకండి, పాత మీటర్లలో కాయిల్ కాలిపోతుంది. ఈ రెండూ జరిగితే మీటరూ వైరూ బాగున్నట్టే, అనుమానించాల్సింది సెన్సర్‌నే. అది మారిస్తే పని అయిపోవచ్చు.

వైరు పీకినా ముల్లు సగంలోనే ఉంటే ఆ వైరును డ్యాష్‌బోర్డు దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. బండి అమ్మే ముందు మధ్యలో ఒక రెసిస్టర్ కట్టి ముల్లును సగంలో నిలబెట్టే ఘనులు ఉన్నారు. డీజిల్ ముల్లు, హీట్ ముల్లు రెండూ కలిసి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంటే మీటర్ వెనకుండే చిన్న రేకు డబ్బాను అనుమానించాలి. అది వోల్టేజీ స్టెబిలైజర్. పాత మీటర్లకు సగటున 10 వోల్టులు మాత్రమే అందిస్తుంది. అది పోతే బ్యాటరీ వోల్టేజీ నేరుగా వెళ్లి రెండు ముళ్లూ ఎగబాకుతాయి.

ఇవన్నీ సరిచేసినా పాత మీటర్‌లో చల్లన, వేడి అని రెండు గుర్తులే ఉంటాయి కదా. 95కీ 108కీ తేడా తెలియాలంటే అంకెల మీటర్ కావాల్సిందే. అందుకని మీ ఆలోచన సరైనదే.

చోటు సంగతి

మీటర్ ఎంత ఖరీదైనదైనా అది చెప్పేది సెన్సర్ కొస ఉన్న చోటి వేడి గురించే. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే మెకానిక్‌లు చెప్పే సలహాల్లో ఏది పనికొస్తుందో మీకే తెలిసిపోతుంది.

కింది పైపు తీసుకోండి. అందులో పోయేవి రేడియేటర్‌లో చల్లారి ఇంజన్‌లోకి తిరిగొచ్చే నీళ్లు. రేడియేటర్ ఎంత బాగా పనిచేస్తుందో చూడ్డానికి అక్కడి లెక్క పనికొస్తుంది. హెడ్డు ఎంత కాగిందో మాత్రం చెప్పదు. థర్మోస్టాట్ మూసుకుపోయి తెరుచుకోకపోతే ఇంజన్ ఉడికిపోతున్నా కింది పైపు చల్లగానే ఉంటుంది.

పై పైపు కాస్త నయం, కానీ అది థర్మోస్టాట్ దాటాక ఉంది. వాల్వు తెరుచుకునేదాకా అక్కడికి వేడి నీళ్లు రావు. పొద్దున్న స్టార్ట్ చేశాక చాలాసేపు ముల్లు లేవదు, తర్వాత ఒక్కసారి 80కి ఎగురుతుంది. అది మీటర్ లోపం కాదు. అసలు ప్రమాదం వాటర్ పంపు ఆగినా, వాల్వు మూసుకుని ఇరుక్కున్నా వస్తుంది. పై పైపులో ప్రవాహం ఉండదు కాబట్టి ముల్లు పెరగకపోగా తగ్గుతుంది కూడా. అడాప్టర్ పెట్టించుకుంటే ఈ గుడ్డితనం ఉందని తెలిసే పెట్టించుకోండి.

హెడ్డు దగ్గర చోటు కోసం ఈ వరుసలో వెతకండి. మొదట పాత సెన్సర్ రంధ్రం. పాత మీటర్‌ను వదిలేసుకుంటే నేరుగా అందులోనే కొత్తది బిగించొచ్చు. రెండోది, హెడ్డు మీదనో హౌసింగ్ మీదనో బిరడా వేసి మూసిన రంధ్రాలు. మన ప్రాంతాల జీపుల్లో హీటర్ ఉండదు, హీటర్ పైపు కోసం వదిలిన రంధ్రాన్ని ప్లగ్గుతో మూసి వదిలేస్తారు. ఆ ప్లగ్గు ఏళ్లతరబడి కదలక తుప్పుతో పట్టేసి ఉంటుంది. బలంగా తిప్పితే తల తెగిపోతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచి, మర్నాడు చుట్టూ ఉన్న ఇనుమును వేడిచేసి తిప్పండి. డీజిల్ పైపులు దగ్గర్లో ఉంటే మంట వాడకండి, హీట్ గన్ చాలు.

మూడోది, థర్మోస్టాట్ హౌసింగ్‌కు కొత్తగా రంధ్రం వేయడం. హౌసింగ్ ఇంజన్ మీద ఉండగా డ్రిల్లు పెట్టనివ్వకండి, ఇనుప రజను లోపల పడి రేడియేటర్‌కు చేరుతుంది. విప్పి లేత్ షాపుకు తీసుకెళ్లండి. వాల్వు పైనున్న మూతకు కాకుండా వాల్వు కింద, ఇంజన్ వైపున్న ముక్కకే వేయాలి. గోడ మందం 6, 7 మిల్లీమీటర్లు లేకపోతే మరలు నిలవవు, అప్పుడు బయట ఒక దిమ్మ వెల్డింగ్ చేయించాలి. ఇంకో సంగతి, వాల్వు తెరుచుకున్నప్పుడు దాని కింది భాగం ఇంజన్ వైపుకు దిగుతుంది. సెన్సర్ కొస దానికి అడ్డం పడితే వాల్వు పూర్తిగా తెరుచుకోదు. వేడి చూద్దామని పెట్టిన సెన్సరే వేడి పుట్టిస్తుంది. వాల్వును వేడి నీళ్లలో ముంచి తెరిచిన స్థితిలో హౌసింగ్‌లో పెట్టి చూసుకుంటే ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

పాత సెన్సర్, కొత్త సెన్సర్ రెండూ ఒకే రంధ్రంలో ఉండేలా టీ ఆకారపు జాయింటు పెట్టే పద్ధతి కూడా ఉంది. నాకు నచ్చదు. ఆ కొమ్మలో నీళ్లు తిరగవు, గాలి బుడగ నిలబడిపోతుంది. సెన్సర్ అసలు ప్రవాహానికి దూరంగా ఉండి తక్కువ చూపిస్తుంది, ఆలస్యంగా చూపిస్తుంది. ఆయిల్ ప్రెషర్ మీటర్‌కు టీ జాయింటు భేషుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే ఒత్తిడి ఆగి ఉన్న ద్రవంలోనూ అంతే ఉంటుంది. వేడి అలా కాదు.

కేపిలరీ రకమా, ఎలక్ట్రికల్ రకమా

కేపిలరీ మీటర్‌లో బల్బు, సన్న గొట్టం, మీటర్ మూడూ కలిపి ఒకే వస్తువు. బల్బులో ఈథర్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. అది వేడెక్కితే ఒత్తిడి పెరిగి మీటర్ లోపలి వంపు గొట్టాన్ని సాగదీస్తుంది, దాంతో ముల్లు కదులుతుంది. కరెంటుతో పని లేదు (రాత్రి వెలిగే బల్బుకు తప్ప). ఎర్త్ (కరెంటు లోహం గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి) గొడవ లేదు, ఫ్యూజు గొడవ లేదు, ఇగ్నిషన్ ఆపాక కూడా వేడి చూపిస్తుంది. ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపుల్లో తేలిగ్గా దొరుకుతాయి.

దీని బలహీనత ఆ గొట్టమే. కోయకూడదు, అతకకూడదు, మడత పడకూడదు. పొడవు మిగిలితే చుట్టగా చుట్టి కట్టాలంతే. గొట్టం తెగితే ఒత్తిడి పోయి ముల్లు అట్టడుగుకు పడిపోతుంది, డ్రైవర్‌కు ఇంజన్ చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎక్కువగా తెగేది బల్బు మెడ దగ్గర. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, బాడీ ఊగదు, ఆ రెంటి మధ్య గొట్టం బిగుసుకుని ఉంటే నలిగి నలిగి తెగుతుంది. అందుకే ఇంజన్‌కూ ఫైర్‌వాల్‌కూ (ఇంజన్‌నూ క్యాబిన్‌నూ వేరుచేసే రేకు గోడ) మధ్య గొట్టాన్ని రెండు మూడు వలయాలుగా చుట్టి వదలండి, ఒక్కో వలయం టీ కప్పు మూతంత వెడల్పుంటే చాలు. ఎగ్జాస్టుకు ఆనకుండా చూడండి. అక్కడ వేడి తగిలితే ముల్లు అబద్ధం చెప్తుంది.

కొనేముందు గొట్టం పొడవు కొలవండి. చాలా మీటర్లకు 6 అడుగుల దాకా వస్తుంది. సెన్సర్ రంధ్రం నుంచి ఫైర్‌వాల్, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు దాకా ఒక తాడు వంకరలు తిప్పుతూ పట్టి చూసి, వలయాల కోసం ఇంకో అడుగున్నర కలపండి. బల్బు ఎలక్ట్రికల్ సెన్సర్ కంటే లావు, పొడవు. రంధ్రం వెనక లోతు ఎంతుందో పుల్ల పెట్టి చూసుకోండి. బల్బు అడుగు తగిలి పూర్తిగా కూర్చోకపోతే నట్టు బిగించినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

ఎలక్ట్రికల్ రకంలో సెన్సర్ అంటే ఒక థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. బిగించడం సులువు, వైరు ఎటైనా తిప్పుకోవచ్చు, బజర్ కూడా కలిసొచ్చే మోడళ్లు ఉన్నాయి. తంటా అంతా జోడీ కుదరడంలో ఉంది. వీడీఓ కంపెనీ 120 డిగ్రీల రకం సెన్సర్ 40 డిగ్రీల దగ్గర సుమారు 290 ఓమ్‌లు, 90 దగ్గర 51, 100 దగ్గర 38, 120 దగ్గర 22 ఓమ్‌లు చూపిస్తుంది. ఇంకో కంపెనీ లెక్క వేరు, అదే కంపెనీలో 150 డిగ్రీల రకం లెక్క కూడా వేరే. మరలు కలిశాయని షాపువాడు ఏదో సెన్సర్ ఇస్తే బిగుస్తుంది, ముల్లు కూడా కదులుతుంది. కానీ అది చూపించే అంకెకు విలువ లేదు. ఇదే కారణంగా కొత్త మీటర్‌ను పాత సెన్సర్‌కు కలపొద్దు, ఒకే సెన్సర్‌కు రెండు మీటర్లు అసలే కలపొద్దు.

లారీ సామాన్ల షాపులో కొంటుంటే 12 వోల్టులదో కాదో చూసుకోండి. లారీలు, బస్సులవి ఎక్కువగా 24 వోల్టులవి ఉంటాయి.

మరల కొలత

మీ జీపుకు ఫలానా సైజు అని నేను చెప్పను. ఇరవై ఏళ్లు దాటిన బండి, హెడ్డో హౌసింగో ఎప్పుడో మారి ఉండొచ్చు. పాత సెన్సర్ విప్పి చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లడమే మంచిది.

గ్యారేజీల్లో ఎక్కువగా పొరబడేది మూడు దగ్గరి సైజుల మధ్య. ఎం10 అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం, మరకూ మరకూ మధ్య 1 మిల్లీమీటరు, మరలు సమానంగా ఉంటాయి. అమెరికా పద్ధతి అంగుళంలో ఎనిమిదో వంతు పైపు మర (ఆ వంతు పేరుకే) వ్యాసం సుమారు 10.3 మిల్లీమీటర్లు, అంగుళానికి 27 మరలు, కొసకు సన్నబడుతుంది. బ్రిటిష్ పద్ధతిదైతే 9.7, అంగుళానికి 28 మరలు. జపాన్ బళ్లలో కనిపించేది ఎక్కువగా ఈ చివరి రకమే. ఒక రకం రంధ్రంలో ఇంకో రకం సెన్సర్ ఒకటి రెండు చుట్లు చక్కగా దిగుతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడే పానా మీద బలం పెట్టేస్తారు, అల్యూమినియం హౌసింగ్ మరలు ఊడొస్తాయి. చేత్తో మూడు నాలుగు చుట్లు తిరగకపోతే ఆపేయండి. వెర్నియర్, మరల గేజు లేత్ షాపులో ఉంటాయి. సెట్టులో వచ్చే ఇత్తడి అడాప్టర్లలో ఏదీ కుదరకపోతే లేత్ షాపాయనే ఒకటి తిప్పిస్తాడు. ఇత్తడిదే అడగండి, ఇనుముదైతే తుప్పుతో అతుక్కుపోతుంది.

కొత్తగా రంధ్రం వేసి అమెరికా పద్ధతి ఎనిమిదో వంతు మర కొట్టాలంటే డ్రిల్లు 8.6 లేదా 8.7 మిల్లీమీటర్లు. కొసకు సన్నబడే మర కాబట్టి ట్యాపును చివరిదాకా దించేస్తే సెన్సర్ బిగుసుకోకుండా లోపలికి జారుతుంది. కొంచెం దించి, సెన్సర్ పెట్టి చూసి, మళ్లీ కొంచెం దించుతూ వెళ్లాలి.

బిగించడం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. రేడియేటర్ మూత తీసి, కింది కుళాయి తిప్పి, నీటి మట్టం సెన్సర్ కంటే కిందికి దిగేదాకా వదిలితే చాలు, మొత్తం ఖాళీ చేయక్కర్లేదు. కూలెంట్ ఉంటే శుభ్రమైన బకెట్‌లో పట్టండి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ గొడ్లూ తాగేస్తాయి, వాకిట్లో వదిలేయకండి.

సన్నబడే మరలున్న సెన్సర్‌కు చేత్తో బిగిసిన తర్వాత పానాతో ఒకటి, మహా అయితే ఒకటిన్నర చుట్టు. సమాన మరలున్నదానికి రాగి వాషరు వేసి, వాషరు నలిగిందనిపించేదాకా. కారకుండా ఉండడానికి టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా వేసే అలవాటు ఉంది. ఒకే వైరు సెన్సర్‌కు ఎర్త్ దొరికేది ఆ మరల ద్వారానే. టేపు దట్టంగా వేస్తే ఎర్త్ తెగుతుంది లేదా బలహీనపడుతుంది. షెల్లాకో ద్రవ సీలెంటో కొసన రెండు మరలు వదిలేసి మధ్యలో పలచగా రాయండి, చాలు. కేపిలరీ బల్బుకు ఎర్త్ అవసరం లేదు కాబట్టి టేపు వేసుకోవచ్చు. అయితే దాని నట్టు తిప్పేటప్పుడు బల్బు కూడా దాంతోపాటు తిరగకుండా వేళ్లతో పట్టుకోండి, మెడ మెలిపడితే అక్కడే విరుగుతుంది.

పై పైపు అడాప్టరే గతి అయితే, పైపు లోపలి వ్యాసం కొలిచి సరిగ్గా అదే సైజు తీసుకోండి. 32 మిల్లీమీటర్ల పైపుకు 34 దూర్చితే చీలుతుంది, 30 పెట్టి క్లిప్పు బిగిస్తే ఘాట్‌లో ఊడుతుంది. పైపులోంచి కోసి తీసే ముక్క అడాప్టర్ పొడవుకంటే తక్కువుండాలి, రెండు వైపులా పైపు దానిమీదికి ఎక్కాలి కదా. తిన్నగా ఉన్న భాగంలోనే కోయండి, ఫ్యాన్‌కు దూరంగా. రబ్బరు పైపుల మధ్య ఇరుక్కున్న అడాప్టర్‌కు ఇంజన్‌తో ఎలాంటి లోహ సంబంధమూ ఉండదు. కాబట్టి అడాప్టర్ నుంచి ఇంజన్ బోల్టుకు విడిగా ఎర్త్ వైరు వేయాలి. కొత్త మీటర్ పెట్టాక ముల్లు చల్లని వైపే పడి ఉందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం ఈ ఒక్క వైరే.

వైరింగ్, ముఖ్యంగా ఎర్త్

ఎలక్ట్రికల్ మీటర్ వెనక మూడు మొనలుంటాయి: ఇగ్నిషన్ నుంచి వచ్చే 12 వోల్టులు, ఎర్త్, సెన్సర్ వైరు. లోపలి బల్బుకు వేరే కనెక్షన్, అది పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకోండి. 12 వోల్టులకు ముందు 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి, 1 చదరపు మిల్లీమీటరు వైరు అన్నింటికీ సరిపోతుంది. ఫైర్‌వాల్ రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచుకు తొడిగే వలయం) తప్పనిసరి, రేకు అంచు వైరును ఆరు నెలల్లో కోసేస్తుంది. డ్యాష్‌బోర్డు రంధ్రం చాలా మీటర్లకు 52 మిల్లీమీటర్లు. రేకు డ్యాష్ కోసే ఇష్టం లేకపోతే కింద వేలాడే బ్రాకెట్ తీసుకోండి.

పాత జీపుల్లో ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంజన్ రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. దాన్ని బాడీకి కలిపే అల్లిక పట్టీ తుప్పు పట్టో, క్లచ్ పనప్పుడు విప్పి మళ్లీ బిగించకో లేకుండా పోతుంది. అప్పుడు సెన్సర్ దారిలో అదనపు నిరోధం చేరుతుంది. పైన చెప్పిన లెక్కే మళ్లీ చూడండి: 100 డిగ్రీల దగ్గర 38 ఓమ్‌లు. చెడ్డ ఎర్త్ వల్ల ఇంకో 13 చేరితే మీటర్‌కు కనిపించేది 51. అంటే 100 ఉన్నా 90 చూపిస్తుంది. సెన్సర్ దారిలో ఇలా నిరోధం చేరితే తప్పు ఇటువైపే, ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. ప్రమాదం కూడా అదే.

పరీక్ష ఇలా. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండాలి. ఒక మొనను సెన్సర్ ఇత్తడి ఒంటికి, రెండోది మీటర్ ఎర్త్ బోల్టుకు ఆనించండి. 0.1 వోల్టు లోపల ఉంటే సరే. 0.3, 0.5 అలా చూపిస్తే ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, అక్కడి నుంచి బ్యాటరీ నెగిటివ్‌కు కొత్త పట్టీ వేయించండి. హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ముల్లు కదులుతుంటే అది కూడా ఎర్త్ లోపమే, మీటర్ మార్చడం దండగ.

సరిగ్గా చూపిస్తోందా

ఎలక్ట్రికల్ రకాన్ని ఇంజన్‌కు బిగించే ముందే సరిచూడొచ్చు. మీటర్‌కు కరెంటు ఇచ్చి, సెన్సర్ ఒంటికి బ్యాటరీ నెగిటివ్ నుంచి ఒక వైరు కట్టి, కొస మాత్రమే మరిగే నీళ్లలో ముంచండి. వైరు తగిలే పైభాగం తడవకూడదు. గిన్నె అడుగుకు ఆనకూడదు. విజయవాడలో అయితే ముల్లు 100 దగ్గర ఆగాలి, హైదరాబాద్‌లో సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటాం కాబట్టి నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే గాభరా వద్దు, ఆ తేడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పది దాటితే జత తప్పినట్టే, వెనక్కిచ్చేయండి. కేపిలరీ బల్బునూ అలాగే ముంచి చూడొచ్చు.

ఇంజన్ మీద బిగించాక తుపాకీ థర్మామీటర్‌తో సరిచూస్తామంటారు కొందరు. మెరిసే అల్యూమినియం మీద అది చాలా తక్కువ చూపిస్తుంది. హౌసింగ్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి దానిమీద గురిపెట్టండి. లోపలి నీళ్లకంటే బయటి లోహం కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది.

నీళ్లు తిరిగి నింపేటప్పుడు గాలి పోయేదాకా ఓపిక పట్టాలి. మూత తీసి ఉంచి, ఇంజన్ నెమ్మదిగా నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం టక్కున దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత వేయండి. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ మీద ఇంకోసారి చూడండి. సెన్సర్ దగ్గర గాలి బుడగ మిగిలితే ముల్లు ఎగుడుదిగుడుగా ఊగుతుంది. బోరు నీళ్లు పోయకండి, ఉప్పు పేరుకుని రేడియేటర్‌తో పాటు సెన్సర్ కొసకూ పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు వల్ల ముల్లు బద్ధకంగా కదులుతుంది. శుద్ధి చేసిన నీళ్లూ కూలెంటూ సగం సగం.

ముల్లు ఎక్కడుంటే ఏమిటి

82 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ తిన్నని రోడ్డు మీద 80 నుంచి 90 మధ్య నడుస్తుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల ఎండల్లో లోడుతోనో, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూనో 95 నుంచి 100 దాకా వెళ్తే అది మామూలే. దిగుతుంటే మళ్లీ 85కు రావాలి. 105 అయితే గేరు తగ్గించి, యాక్సిలేటర్ వదిలి నెమ్మదించండి. 110 అయితే పక్కకు తీయండి.

నీళ్లు ఎప్పుడు మరుగుతాయన్నది రేడియేటర్ మూత మీద ఆధారపడుతుంది. 7 పౌండ్ల మూత (చదరపు అంగుళానికి అంత ఒత్తిడి ఆపేది) అయితే ఉత్త నీళ్లు 111 దగ్గర, 13 పౌండ్లదైతే 119 దగ్గర మరుగుతాయి. మూత రబ్బరు చచ్చిపోతే 100కే. అందుకే మీటర్‌తో పాటు మూత కూడా కొత్తది కొనండి, బండికి రాసిపెట్టిన పౌండ్లదే. ఎక్కువ పౌండ్ల మూత వేస్తే పాత రేడియేటర్ అతుకులు విచ్చుకుంటాయి.

కొత్త మీటర్ 60 దగ్గరే తిరుగుతుంటే చాలామంది మీటర్‌ను తిడతారు. ముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. ఎండాకాలం వాల్వు పీకి పారేయడం మన గ్యారేజీల్లో పాత ఆచారం. వాల్వు లేని ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల మసి చేరుతుంది, సిలిండర్ బోరు త్వరగా అరుగుతుంది. వాల్వు ఉండీ ఇంజన్ వేడెక్కుతోందంటే రేడియేటర్, ఫ్యాన్ బెల్టు, పంపు చూసుకోవాలి, వాల్వు ఇరుక్కుందేమో కూడా చూడాలి గానీ దాన్ని పీకేయకూడదు.

ఇక నీళ్లు పోయిన ఇంజన్ సంగతి, దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోండి. పైపు పగిలి నీళ్లన్నీ కారిపోతే సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరీ గాలీ. అవి నీళ్లంతగా వేడిని సెన్సర్‌కు అందించవు. హెడ్డు కాలిపోతుంటే ముల్లు కిందికి దిగుతుంది. 95 దగ్గరున్న ముల్లు ఎత్తు ఎక్కుతుండగా కారణం లేకుండా 70కి పడిపోతే సంతోషించకండి, వెంటనే ఆపి ఇంజన్ కట్టేయండి. దీనికి విరుగుడు కావాలంటే హెడ్డు లోహం వేడినే చూసే రింగు సెన్సర్, బజర్ ఉన్న అలారం దొరుకుతుంది. హెడ్డుకు తగిలే ఏదో చిన్న బోల్టు కింద దాన్ని బిగిస్తారు. హెడ్డు బోల్టుల కింద మాత్రం పెట్టనివ్వకండి, వాటి బిగువు చెడితే గాస్కెట్ పోతుంది.

నీళ్లుండి వేడెక్కితే మాత్రం ఆపగానే ఇంజన్ కట్టేయొద్దు. ఫ్యాన్, పంపు తిరుగుతూ ఉండాలి కాబట్టి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ముల్లు దిగుతోందో చూడండి. దిగకపోతే అప్పుడు కట్టేయండి. రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టేది పై పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే.

ఇది చదివే కార్ల వాళ్లకు ఒక మాట. ఇంజెక్షన్ ఇంజన్ మారుతీలు వగైరాలో హెడ్డు దగ్గర రెండు వైర్ల సెన్సర్ కనిపిస్తే ముట్టుకోకండి. అది కంప్యూటర్‌కు వేడి చెప్పేది, దానికి వచ్చేది 5 వోల్టులు. అందులోంచి వైరు లాగి మీటర్‌కు ఇస్తే కంప్యూటర్‌కు తప్పుడు వేడి తెలుస్తుంది, పెట్రోలు కొలత చెడుతుంది. మీటర్‌కు వేరే సెన్సర్ పెట్టుకోవాలి.

మీ ఇంజన్ హెడ్డు ముందు భాగం, థర్మోస్టాట్ హౌసింగ్ రెండు వైపుల నుంచీ కనిపించేలా ఫొటో తీసి, పాత సెన్సర్ మరల వ్యాసం వెర్నియర్‌తో కొలిచి చెప్పండి. కేపిలరీ బల్బు పట్టే చోటుందో లేదో, ఏ అడాప్టర్ తిప్పించాలో చూసి చెప్తాను.